చెయ్యి పట్టినోడి పేరు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెబుతాను. నేను ఇంట్లో లేని ఒక పగటిపూట ఎవరో ఆడమనిషి బొంబాయిలో మేముండే వరుస గదుల చాల్ మెట్లెక్కి వచ్చి, "నేనే దీని తల్లిని" అంటుంది. చేతిలో ఒక కాగితం ఉంటుంది. కాగితం చూడగానే నలుగురూ తలలూపుతారు. నా ఎనిమిది నెలల చిన్నది ఆమె చంకెక్కి నవ్వుతూ వెళ్ళిపోతుంది. అది ఎవరెత్తుకున్నా నవ్వుతుంది. ఆ నవ్వంటేనే నాకు వణుకు.

అందుకే 1986 మార్చి మూడు, సోమవారం పొద్దున పదింటికి, కామాటిపుర ఏడో గల్లీ రాజవ్వ మా గడపలో కూలబడి చెప్పిన మాట వినగానే నా చేతిలో జొన్నపిండి అలాగే ఉండిపోయింది.

"రత్నా, మణెమ్మను తీస్కపోతున్నరే. తల్లి వచ్చిందట. రెండు గొట్టంగ ఠాణాల ఏలిముద్ర, నాలుగు గొట్టంగ పాలమూరు బస్సు."

"తల్లి వస్తే మంచిదే గదత్తా. ఏడుస్తవెందుకు?"

రాజవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మంచిదే. గని నా మనసు ఒప్పుతలేదు. నువ్వొచ్చి ఒకపారి జూడు."

పోయిన వస్తువులు, పారిపోయిన మనుషులు, దొంగ ఒట్లు ఉన్నచోటికల్లా మా గల్లీల ఆడవాళ్ళు నన్నే పిలుస్తారు. నేను చదివింది ఏడో తరగతి, అదీ సగం. కానీ చూసింది మరచిపోను. చిన్నదాన్ని చీర కొంగుతో వీపుకు కట్టుకుని బయలుదేరాను.

కేసు చిన్నది. పాలమూరు జిల్లాలో మక్తల్ దగ్గరి రాళ్ళచెల్క నుంచి వచ్చిన బుచ్చయ్య తాపీ పనివాడు. రెండేళ్ళ కింద అతని భార్య లక్ష్మమ్మకు క్షయ పట్టుకుంటే, తగ్గేదాకా పసిదాన్ని దూరంగా ఉంచమన్నారు. ఆరు నెలల ఆ పిల్లే మణెమ్మ. బుచ్చయ్య దాన్ని ఎత్తుకుని బొంబాయి వచ్చి, రాజవ్వ గదిలో అటక మీద పడక కుదుర్చుకున్నాడు. పగలు పిల్లను రాజవ్వ చూసేది, రాత్రి అతను చూసుకునేవాడు. లక్ష్మమ్మ ఎలా ఉంటుందో మా గల్లీలో ఎవరికీ తెలియదు. ఫిబ్రవరి పదమూడు, గురువారం, సాయంత్రం అయిదుంపావుకు బుచ్చయ్య వర్లిలో కడుతున్న ఒక బిల్డింగు పరాంచి మీద నుంచి, అంటే మేస్త్రులు నిలబడే ఆ కట్టెల అరుగు మీద నుంచి, ఆరో అంతస్తు ఎత్తు నుంచి పడి చనిపోయాడు. పక్కన ఉన్నది ఒక్కడే. అదే ఊరివాడు, సైదులు. "కాలు జారింది" అన్నాడు. ఠాణాలో అదే రాసుకున్నారు. ఇక మిగిలింది, భార్య వచ్చి నాకు ఎవరి మీదా అనుమానం లేదని వేలిముద్ర వేయడం.

ఆ భార్యను వెతికి తెచ్చే పనిని బిల్డింగు కంట్రాక్టరు, శంకర్రావు అనే ఆయనకు అప్పగించాడు.

శంకర్రావు గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఇరవై రెండేళ్ళు పోలీసు జమాదారు. ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన స్వయంగా పట్టుకున్న దొంగ ఒక్కడు, వాడు కూడా తాగి ఈయన మీదే పడ్డాడు. రిటైరయ్యాక గ్రాంట్ రోడ్ స్టేషన్ ఎదురుగా మూడు భాషల్లో 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు పెట్టాడు. బోర్డు మీద పెద్ద కన్ను బొమ్మ. దుకాణంలో ఆ బొమ్మ ఒక్కటే ఎప్పుడూ తెరుచుకుని ఉంటుంది.

మేము వెళ్ళేసరికి ఆయన రాజవ్వ గదిలో ఉన్న ఒకే ఒక కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఆయియే, ఆయియే! వీపు మీద పోరి, నెత్తి మీద కేసు. ఏం బాయి, ఇంట్ల వంట గాలేదా?"

"అయింది జమాదార్ సాబ్. మీ ఇంట్ల గాలేదేమో, ఈడ చాయ్ తాగుతున్నరు."

కప్పు కింద పెట్టాడు. "నీకు జూపియ్యాల్సిన అక్కర నాకు లేదు. అయినా జూడు." జేబులోంచి ఒక రేషన్ కార్డు తీసి మోకాలి మీద పరిచాడు. "లక్ష్మమ్మ, భర్త బుచ్చయ్య, రాళ్ళచెల్క. సర్కారు ముద్ర. ఇగ ఆమె కాడ పుస్తెలున్నయి. మొగడు పోయినంక తీసి మూట గట్టుకున్నది. కార్డు ఒకటి, పుస్తెలు రెండు. ఇంక నీకేం గావాలె, దేవుని సంతకమా?"

"రాళ్ళచెల్కకు మీరు పోయిండ్రా?"

"నేనెందుకు పోత? మనిషిని పంపిన."

"ఎవర్ని?"

"సైదులును. బుధవారం బస్సెక్కిండు, నిన్న పొద్దుగాల ఏడింటికి తోల్కొచ్చిండు. టైముకు పని. దీన్నంటరు తపాస్, దర్యాప్తు."

"అంటే, ఆయన పడ్డప్పుడు పక్కనున్న ఒక్క మనిషినే, ఆయన పెండ్లాన్ని గుర్తువట్టమని పంపిండ్రు."

"అరే! ఊరోడు గుర్తువట్టక, ఏడో కలాసు ఫేలైనదానివి నువ్వు గుర్తువడ్తవా?"

"ఫేలు గాలే సాబ్. మాన్పిచ్చిండ్రు. మీరు ఎంతదాంక సదివిండ్రో బోర్డు మీద రాయలే."

రాజవ్వ నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకుంది. శంకర్రావు మీసం కింద పెదవి కొరుక్కున్నాడు. నేను ఆయన్ని వదిలేసి, గది మూలలో గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె దగ్గరికి వెళ్ళాను.

ముప్పై ఏళ్ళుంటాయి. ఎముక బలమైన మనిషి. బొట్టు లేదు, గాజులు లేవు. ఎదురుగా నేల మీద మణెమ్మ పగిలిన గంటెతో ఆడుకుంటోంది. ఆమె పిల్ల వైపు చూడటం లేదు. రెండేళ్ళ తర్వాత బిడ్డను చూసిన తల్లి కళ్ళు ఎక్కడ ఉంటాయో నాకు తెలుసు. అరగంట ఎడబాటుకే నా కళ్ళు ఎక్కడుంటాయో తెలుసు కాబట్టి తెలుసు. ఈమె కళ్ళు తలుపు మీద ఉన్నాయి.

"ఊర్ల బస్సు ఎప్పుడెక్కినవ్ అక్కా?"

"శనారం పగటీలి. ఒంటిగంట."

"బొంబాయికి ఇదే మొదటిసారా?"

"మొదటిసారే. ఎన్నడు రాలే."

"నీ పెనిమిటి పేరేంది?"

"బుచ్చయ్య."

అంత తేలిగ్గా అనేసింది. నేను చిన్నదాన్ని వీపు నుంచి దింపి ఒళ్ళో వేసుకున్నాను, ముఖం కనబడకుండా. మా ఆడవాళ్ళలో ఎవరూ మొగుడి పేరు అలా నోటితో అనరు. రేషన్ దుకాణంలో గుమాస్తా అడిగితే నేను ఇప్పటికీ పక్కనున్నవాళ్ళ వైపు చూస్తాను, వాళ్ళు చెబుతారు. అతను చచ్చిపోయినా నాలుక మీదికి రాదు. ఈమెకు మాత్రం ఆ పేరు పక్కింటివాడి పేరంత సులువుగా వచ్చింది.

"ఎవరితోని వచ్చినవ్?"

"గాయినతోని."

"ఎవరాయన?"

"గాయినే... మేస్త్రి. కింద నిలవడ్డడు గద."

"కింద శానామంది మేస్త్రులున్నరు. పేరేంది?"

ఆమె కొంగు సర్దుకుంది. "గదే, మా ఊరాయన. నీకు దెల్సు గద, మల్ల అడుగుతవేంది?"

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ పేరు దాటేసింది. శంకర్రావు వెనుక నుంచి పెద్దగా ఆవలించాడు.

"ఖతమ్? పంచాంగం గూడ అడుగు. తారాబలం జూడు."

రాజవ్వను వరండాలోకి పిలిచి అడిగాను. "అత్తా, నీ మనసు ఎందుకు ఒప్పుతలేదో ఇప్పుడు జెప్పు."

"ఏం లేదే. పొద్దుగాల నాలుగున్నరకు నల్లా నీళ్ళొస్తయి గద. నేను లేచి పోయేటాల్కి ఆమె డబ్బా నాకన్నా ముంగల వరుసల ఉన్నది. నేను జెప్పలే, ఎవరు జెప్పలే. రాళ్ళచెల్కల నల్లా ఏడిదే?"

దాని తర్వాత నేను ఇంకేమీ అనుమానించాల్సిన పని లేకపోయింది. నిన్న ఏడింటికి మొదటిసారి బొంబాయిలో దిగిన మనిషి, ఈ రోజు నాలుగున్నరకు డబ్బా పెట్టి వరుస పట్టదు. చాల్‌లో ఏళ్ళ తరబడి బతికిన ఒంటికే ఆ వేళ తెలుస్తుంది. కానీ నాకు తెలిసింది ఠాణాకు పనికిరాదు. టైము పదీ నలభై.

"సాబ్, బుచ్చయ్య సామాను జూసిండ్రా?"

"జూసిన. అటక మీద ఒక ట్రంకు. గుడ్డలు. రిపోర్టుల రాసిన."

నేను నిచ్చెన వైపు చూశాను. కింది నుంచి మూడో మెట్టు బుచ్చయ్య చనిపోయిన వారంలోనే విరిగింది, ఒక మేకు మీద వేలాడుతోంది. నేను ఎక్కడానికే భయపడాల్సి వచ్చింది. శంకర్రావు ఎక్కి ఉంటే మిగిలిన మెట్లు కూడా ఉండవు.

"మీరు రాసింది ఈ కుర్సీల కూసోనే గద?"

ఆయన మళ్ళీ చాయ్ కప్పు అందుకున్నాడు. చిన్నదాన్ని రాజవ్వకు ఇచ్చి పైకి ఎక్కాను.

అటక మీద కూర్చోవడానికి మాత్రమే చోటు. ఒక బొంత, ఒక తాపీ, మట్టం గొట్టం, మేకుకు వేలాడదీసిన అద్దం ముక్క. ట్రంకు మీద దుమ్ము అలాగే ఉంది, వేలు పెట్టిన గుర్తు కూడా లేదు. తాళం లేదు. మూత తీశాను.

పైన పిల్ల గౌను, కొత్తది, మడత విప్పలేదు. దాని కింద ఎర్రంచు చీర. చీర మడతలో ఒక బస్సు టికెట్టు. పాలమూరుకు, ఫిబ్రవరి పదిహేను, శనివారం. బుచ్చయ్య పడింది పదమూడు, గురువారం. అంటే మరో రెండు రోజుల్లో అతను ఊరికి వెళ్ళబోతున్నాడు. సైదులు ఠాణాలో చెప్పిన దాంట్లో ఈ మాట లేదు.

అడుగున రుమాలులో కట్టిన పచ్చ గాజులు, ఒక డజను, కొత్తవి. వాటితో కలిపి ఒకే ఒక పాత గాజు, అరిగినది. మగవాళ్ళు గాజులు కొనడానికి పోతే ఇలాగే పోతారు. పెళ్ళాం పాత గాజు ఒకటి కొలతకు పట్టుకెళతారు. లోపల అంచు పట్టి చూశాను. రెండు-నాలుగు సైజు, పెద్దవాళ్ళ గాజుల్లో బాగా చిన్నది. చిన్నపిల్ల చెయ్యిలాంటి చెయ్యి ఉండాలి.

అటక మీద నుంచి తొంగి చూశాను. కింద మూలలో ఉన్నామె మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ పిడికిళ్ళకు రెండు-ఎనిమిది గాజు కూడా సబ్బు రాసి ఎక్కించాలి.

దిగి వచ్చి టికెట్టు, కొత్త గాజులు, పాత గాజు మూడూ శంకర్రావు ముందు పెట్టాను. ఆయన టికెట్టును చూశాడు. గాజును వేలికి తొడిగి తిప్పాడు.

"పోయి జూడాలనుకున్నడు, కాలు జారింది. దాన్ల ఏమున్నది? ఇగ గాజు. రెండేండ్లు కూలి జేస్తె చేతులు లావైతయి. నీకు దెల్వదా?"

"కండ లావైతది సాబ్. ఎముక గాదు. క్షయ వచ్చినామె చేతులు లావైతయా?"

"తగ్గింది, తిన్నది, లావైంది. ఇగో బాయి, సీదా ఇను. కోర్టుల గాజు సాక్ష్యం జెప్పది. కార్డు జెప్తది. నువ్వు ఇంటికి పోయి పోరికి పాలియ్యి. రెండింటికి నేను ఠాణాల ఉండాలె."

నాకు ఆయన మీద కోపం రాలేదు. కోపానికి కొంచెం గౌరవం కావాలి. ఆయన తప్పు దారిలో పోతున్నాడని కాదు నా బాధ. ఆయన లేవనే లేదు. ఎవరో తెచ్చి ఒళ్ళో వేసినదాన్ని తన వేట అని చెప్పుకుంటున్నాడు.

రాజవ్వను మళ్ళీ వరండాలోకి లాగాను. "అత్తా, బుచ్చయ్యన్న రాత్రిపూట పిల్లను పండవెట్టంగ ఏమన్న పాడుతుండెనా?"

"పాట గాదే. ఆమె పేరు జెప్పుడు ఉంటది గద, అది జెప్తుండె. రోజు గదే. పోరి గూడ నేర్చింది."

పేరు చెప్పుడు అంటే తెలియనివారికి చెబుతాను. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా, కానీ పెళ్ళినాడు అత్తింటి గడప మీద ఆడబిడ్డలు అడ్డం నిలబడి పేరు చెప్పందే లోపలికి రానివ్వరు. అప్పుడు దాన్ని మూడు ముక్కలు కట్టి చెప్పాలి. మొదటి రెండు ముక్కలు ఏ అక్షరాలతో ముగుస్తాయో, మూడో ముక్కలో మొగుడి పేరు కూడా అవే అక్షరాలతో ముగియాలి. మరాఠీ ఆడవాళ్ళకు కూడా ఉంది, ఉఖాణా అంటారు. ఒక్కొక్క ఆడదానికి ఒక్కటే ఉంటుంది. పెళ్ళినాడు కట్టినదాన్నే తొట్టెలలో పిల్లను వేసినప్పుడు, పసుపు కుంకాలప్పుడు, మరదలి పెళ్ళిలో, చచ్చేదాకా అదే చెబుతుంది. నిద్రలో లేపి అడిగినా అదే వస్తుంది. ఇంకొకటి రాదు.

బుచ్చయ్య చెప్పే ముక్కలు రాజవ్వ నోట విని, నేను అనుకున్నది ఆమె చెవిలో చెప్పాను. రాజవ్వ కళ్ళు పెద్దవయ్యాయి.

"ముండమోసినామెతోని పేరు జెప్పిస్తరానే? పాపం దగులదా?"

"పెనిమిటి పోయినామె అయితే నాకు దగుల్తది. నా నెత్తికే రానియ్యి."

ఒంటిగంటకు గది నిండా ఆడవాళ్ళు. పై అంతస్తు తారాబాయి అందరికంటే ముందు కూర్చుంది. ఆమెకు తెలియనిది బొంబాయిలో జరగదు, జరిగినా ఆమె ఒప్పుకోదు. శంకర్రావు గడియారం చూసుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. కింద మెట్ల మొదట్లో సైదులు గోడకు ఒక కాలు ఆనించి బీడీ కాలుస్తున్నాడు. సన్నటి మనిషి, దువ్విన తల. మా వరండా నుంచి చూస్తే అతని పాపిడి మాత్రం కనబడుతుంది.

రాజవ్వ మణెమ్మను ఎత్తుకుని ఆమె ముందు నిలబడింది. "ఇగో బిడ్డా, రెండేండ్లు సాదిన. ఇచ్చేస్త. గని మా తాన రివాజున్నది. పెంచినామె చేతులకెళ్ళి పిల్లను ఒళ్ళెకు దీస్కునేటప్పుడు తల్లి తండ్రి పేరు జెప్పాలె. ఆఖరిపారి. గడప మీద జెప్పినట్టు."

ఆమె ముఖంలో రంగు మారింది. "ఇప్పుడేం పేరమ్మా? ఆయినే లేకపాయె."

"ఆయిన లేకున్నా పిల్ల ఉన్నది గదనే," తారాబాయి అందుకుంది. "నా పెండ్లయి ముప్పై రెండేండ్లు. ఆయిన తాగొచ్చి మోరిల వడ్డనాడు గూడ లేపుకుంట పేరు జెప్పిన. నీకేందే సిగ్గు?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

శంకర్రావు విసుక్కున్నాడు. "జెప్పవమ్మా, జల్దీ! ఈళ్ళ నౌటంకి ఖతమ్ గావాలె. రెండింటికి పోవాలె."

ఆయన జీవితంలో కేసుకు చేసిన సాయం ఏదైనా ఉంటే అదొక్కటే. ఆమె గుమ్మం వైపు, మెట్ల వైపు చూసింది. అందరి కళ్ళూ తన మీదే. కొత్తది కట్టడానికి సమయం లేదు. కళ్ళు మూసుకుంది. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఊరికి ఇవుతల అవుతల నదులు... అత్తగారింట్ల ఆరు గదులు... నా చెయ్యి వట్టినోడు..."

ఆగింది.

"...బుచ్చయ్య."

మెట్లు దిగుతూ దిగుతూ ఆఖరి మెట్టు లేనిచోట కాలు పెడితే ఎలా ఉంటుందో అలా అయింది అందరికీ. ఏడేళ్ళ ఆడపిల్లకు కూడా తెలుస్తుంది ఆ పేరు అక్కడిది కాదని. నదులు, గదులు, ఆ తర్వాత ఇంకెవరో ఉండాలి. ఆమె గడప మీద మొదటిసారి నిలబడి చెప్పిన పేరు వేరొకడిది.

"ఇదేందే?" తారాబాయి నెమ్మదిగా అంది. "ఇది ఎవరిదో అంగి ఎవరికో తొడిగినట్టున్నది."

నేను మణెమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "మణీ, నాయిన రాత్రి ఏం జెప్తుండె? చేనుకు మంచె ఏసియ్య..."

పిల్ల గంటెను నోట్లోంచి తీసింది.

"చేతికి గాజులు తెచ్చియ్య," అన్నాను. "చెయ్యి వట్టినోడు..."

"బుచ్చయ్య!" అని మణెమ్మ అరిచి, తన చప్పట్లు తనే కొట్టుకుంది.

రాజవ్వ పిల్లను గుండెకు అదుముకుని వెనక్కి జరిగింది. నేను లేచి నిలబడ్డాను. ఇంక మెల్లగా మాట్లాడే అవసరం లేదు.

"నదులు, గదులు. మూడోది నేను జెప్పాల్నా, నువ్వు జెప్తవా? పొద్దుగాలట్నుంచి మూడుసార్లు అడిగిన. నీ నోటికి రాని పేరు ఒక్కటే ఉన్నది. కింద బీడి తాగుతున్నడు."

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు వెట్టిచ్చిండు అక్కా. నా పేరు బాలమ్మ. వర్లిల ఉంటం. ఒక్కరోజు పని, ఏలిముద్ర ఏసి బస్సెక్కితె ఐపాయె అన్నడు. పోరిని ఊర్ల ఎవరికో ఇస్తనన్నడు."

"ఎవరికి?"

"నేనడగలే."

అడగలేదట. ఎవరి బిడ్డనో చంకన వేసుకుని బస్సెక్కబోతూ, ఎవరికి ఇస్తావని అడగలేదట. అప్పటిదాకా నా తిరస్కారమంతా శంకర్రావు కోసమే దాచుకున్నాను. ఈమెకు కూడా కొంచెం మిగిలింది.

శంకర్రావు ముందుకు వచ్చాడు. ముఖం ఎర్రబడింది, గొంతు మాత్రం తగ్గలేదు. "అచ్ఛా, అచ్ఛా. నాకు అనుమానం ఉండనే ఉండె. బుచ్చయ్యను నూకిన సంగతి దాసెటందుకు దొంగ పెండ్లాన్ని తెచ్చిండు. ఠాణాల నేను జెప్త."

"కూసోండ్రి సాబ్, మీకు అలవాటే. బుచ్చయ్య చావు దాసెటందుకు ఈ ఖర్మంత ఎందుకు? కాలు జారిందని ఠాణాల రాస్కోనే రాస్కున్నరు. పెండ్లాం రాకుంటె ఏమైతుండె?"

"ఊరికి నోటీసు పోతుండె."

"పోతె?"

ఆ ఆలోచన ఆయన తలకు అందడానికి ఎంతసేపు పడుతుందో చూస్తూ కూర్చునే తీరిక నాకు లేదు. నేను బాలమ్మ వైపు తిరిగాను.

"నడుముల మూట ఇప్పు."

ఆమె చీర మడతలోంచి గుడ్డ మూట తీసింది. పసుపు తాడు, రెండు పుస్తెలు, నడుమ ఒక పగడం. తాడు ముడి విప్పి తీసినది కాదు. కోసినది.

"ఇవి నీయి గావు. నీయి మెడల ఉండి, నిన్న తీసి ఏడనో దాసినవ్. మెడ మీద తాడు నల్లగ అచ్చువడ్డది. ఇవి లక్ష్మమ్మయి. కార్డు గూడ లక్ష్మమ్మదే. ఎన్నడు దొరికినయి నీకు?"

"నాకియ్యలే. ఆయిన పెట్టెల ఉండె, గుడ్డల కింద. నేను సర్దంగ జూసిన."

"ఎన్నడు?"

"దివాళీకి ఊరికెళ్ళి వచ్చిండు గద, అప్పుడు."

రాజవ్వ పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "దివాళీనా? బుచ్చయ్య అంటుండె రత్నా. 'దివాళీ అయినంక ఆమె రాయించిన ఉత్తరం ఒక్కటి రాలే అత్తా, సైదులు వచ్చి బాగున్నది, బాగున్నది అనుడే గని, ఇగ నేనే పోయి జూసొస్త' అంటుండె."

దీపావళి నవంబరులో. బుచ్చయ్య చనిపోయింది ఫిబ్రవరిలో. భర్త బతికి ఉండగా ఏ ఆడదీ పుస్తెలు తీయదు. లక్ష్మమ్మ వితంతువు కావడానికి మూడు నెలల ముందే కోసిన ఆమె తాడు సైదులు పెట్టెలోకి చేరింది. ఈ నాటకం బుచ్చయ్య ఎలా చచ్చాడో దాచడానికి కాదు. లక్ష్మమ్మ బతికే ఉందని లోకానికి చూపించడానికి. ఆమెను చూసి వస్తానని టికెట్టు కొన్న పాపానికే బుచ్చయ్య ఆరో అంతస్తు నుంచి పడ్డాడు.

నేను వరండాలోకి పరుగెత్తాను. మెట్ల మొదట్లో బీడీ ముక్క ఇంకా పొగలు కక్కుతోంది. దువ్విన పాపిడి లేదు. టైము ఒంటిగంటా ఇరవై.

శంకర్రావు నా వెనుక వచ్చి నిలబడ్డాడు. "ఏడికి పోతడు? వర్లిలనే ఉంటడు. పట్టుకుంట."

"నాలుగింటి బస్సుకు ఈమెకు, తనకు రెండు టికెట్లు ఆయన జేబులనే ఉంటయి సాబ్."

ఆ తర్వాత ఏం జరిగిందో క్లుప్తంగా చెబుతాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది కాబట్టి. ఠాణాలో మమ్మల్ని రెండున్నర గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. నా చిన్నది ఏడిస్తే బయటికి తీసుకుపొమ్మన్నారు. శంకర్రావు లోపలికి వెళ్ళి, ఈ మోసాన్ని తానే బయటపెట్టానని మరాఠీలో చెప్పుకున్నాడు. ఠాణా పెద్ద అయ్యగారు బాలమ్మను అక్కడే ఉంచుకుని, పాలమూరుకు తంతి రేపు కొడతామన్నాడు. నాలుగూ పదికి మనిషిని పంపితే బస్సు వెళ్ళిపోయింది. సైదులు ఎక్కాడా అని అడిగితే కండక్టర్ల గదిలో ఉన్నవాడు, దువ్విన తల సన్నటి మనిషి ఒకడు రెండు సీట్లలో ఒక్కడే కూర్చున్నాడని చెప్పాడు. ఆ బస్సు రేపు పగటికి ఊరు చేరుతుంది. తంతి ఎప్పటికి చేరుతుందో దాన్ని కొట్టేవాడికే తెలియాలి.

నేను రేపటి బస్సులో బయలుదేరుతున్నాను. నా చిన్నదీ, మణెమ్మా, రాజవ్వా కూడా. పిల్లల్ని ఇక్కడ ఎవరి దగ్గరా వదిలిపెట్టను. కానీ నేను చేరేసరికి అతను వెళ్ళి ఒక రోజు గడిచిపోతుంది. తాడు ఎందుకు కోశాడో, లక్ష్మమ్మను ఏం చేశాడో మాకు తెలియదు, కానీ ఆమె ఇంకా బతికి ఉంటే అతని కంటే ముందు ఎవరో ఒకరు ఆమెను చేరాలి.

అందుకని ఇది చదువుతున్న మీలో ఎవరైనా మక్తల్ వైపు ఉంటే, రాళ్ళచెల్క వెళ్ళి లక్ష్మమ్మ అనే ఆమె ఉందో లేదో ఒక్కసారి చూడండి. నేను చూడలేదు, బక్కపలచగానే ఉండి ఉంటుంది. చెయ్యి చాలా చిన్నది, రెండు-నాలుగు గాజు పడుతుంది. మెడలో పుస్తెలు ఉండవు. ఎవరైనా ఒకామెను చూపించి ఈమే లక్ష్మమ్మ అంటే నమ్మకండి, కార్డు చూపించినా నమ్మకండి. దగ్గరికి వెళ్ళి, "చేనుకు మంచె ఏసియ్య, చేతికి గాజులు తెచ్చియ్య" అని ఆగండి. ఆమె అయితే తలవంచుకుని మూడోది చెబుతుంది.

చెప్పనివ్వండి. ఆయన ఇక లేడని మాత్రం మీరు అనకండి. ఆమె బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టాక ఆ మాట నేనే చెబుతాను.